తీగల మధ్య ఇత్తడి బోల్టు

బోల్టును చెవి దగ్గర పెట్టుకుని, గోటితో మీటి, "ఊహూఁ" అని పక్కన పెట్టేసే కస్టమర్ని ఆ హార్డ్‌వేర్ కొట్టు చూడటం అదే మొదలు.

"అవి మోగవండీ, బిగుసుకుంటాయి," అన్నాడు కొట్టువాళ్ళబ్బాయి.

"బిగించడానికి కాదు. పియానో తీగల మధ్య ఇరికించడానికి."

"పాపం, పియానో మీకేం అపకారం చేసింది?"

ఆమె నవ్వలేదు. తాను వాయించే కొత్త తరహా సంగీతంలో తీగల మధ్య మరలు, బోల్టులు, రబ్బరు ముక్కలు పెడతారనీ, అప్పుడు ఒక్క పియానో పదిమంది వాద్యగాళ్ళతో సమానమవుతుందనీ ఓపిగ్గా చెప్పింది. ఇరవయ్యో తారీఖున ఆమె తొలి సోలో కచేరీ. వేళ్ళతో నొక్కే మెట్లన్నిటికీ తగిన చప్పుడు కుదిరింది, ఒక్కదానికి తప్ప.

"దాని చప్పుడెలా ఉండాలి?"

"గంటలా మొదలై, మధ్యలో సిగ్గుపడి ఆగిపోవాలి."

ఆ చప్పుడు కోసం రోజూ నాలుగింటికి వచ్చేది. శ్రుతికీ సుత్తికీ తేడా తెలియని మనిషి, రెండు వారాల్లో బోల్టుల గొంతులు గుర్తుపట్టసాగాడు. మూడింటికే తల దువ్వుకోవడం కూడా అప్పుడే మొదలైంది.

పదహారో తారీఖు పొద్దున ఒక ఇత్తడి బోల్టును మీటాడు. గంటలా మొదలైంది, సిగ్గుపడింది, ఆగింది. అతని గుండె కూడా ఆగినంత పనైంది. ఇది ఇచ్చేస్తే రేపట్నుంచి ఆమెకిక్కడ పనేముంది? బోల్టు చొక్కా జేబులోకి వెళ్ళింది.

"మూడు రోజుల్నుంచి బోల్టు జేబులో వేసుకు తిరుగుతున్నావు. ఎక్కడ వదులైందిరా నీకు?" అన్నాడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా.

పంతొమ్మిదిన ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది. "ఇక వెతకను. ఆ మెట్టున్న భాగం మొత్తం ఎత్తేస్తున్నాను. మూడేళ్ళు సాధన చేసిన భాగమది."

అతను జేబులోంచి బోల్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె మీటింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎప్పుడు దొరికింది?"

"పదహారున."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు రారుగా."

ఆమె చూపులో కోపముందో, ఇంకేముందో అతనికి తేలలేదు.

"శిక్ష ఉంటుంది," అందామె. "కచేరీకి ముందు ఇవన్నీ ఇరికించడానికి మూడు గంటలు, తర్వాత తీయడానికో గంట. రేపట్నుంచి మీరే చేయాలి. ఈ సంవత్సరం పదకొండు కచేరీలున్నాయి."

"పన్నెండోదానికి శుభలేఖలు నేను అచ్చేయిస్తానమ్మా," అన్నాడు నాన్న, పేపరు మడుస్తూ.

"ముందు రేపటిది గట్టెక్కనివ్వండి మామయ్యగారూ," అందామె, బోల్టు సంచిలో వేసుకుంటూ.

అబ్బాయి చేతిలోని వాషర్ల పళ్ళెం కిందపడింది. అవి దొర్లి దొర్లి ఆగేదాకా ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"ఇవి కూడా ఇవ్వండి," అంది.