హాల్వోర్ కొలిమి ఇనుము

“ఇంకో కత్తి తెమ్మంటే అలా నిలబడతావేం కోడలా? గుమ్మానికి ఉక్కు గుచ్చకుండా దయ్యం ఆగుతుందా?”

“పొద్దున్నుంచీ ఆరు గుచ్చావు అత్తా. ఆగిందా?”

గున్‌హిల్డ్‌కి, అత్త ఓలావాకి మధ్య ఈ వాదన మూడు రోజులుగా నడుస్తూనే ఉంది. మిట్టమధ్యాహ్నం పన్నెండు... అయినా ఉత్తరధ్రువానికి దగ్గరున్న ఆ లోఫోటెన్ తీరం మీద సూర్యుడు లేడు! నెల రోజులుగా లేడు. మబ్బు కమ్మి కాటుకలా ఉన్న ఆకాశం కింద ఎక్కడో మంచుగుడ్లగూబ భీకరంగా అరిచింది...

గోడవార మంచం మీద గున్‌హిల్డ్ కూతురు, పందొమ్మిదేళ్ల డోర్తియా విల్లులా వంగిపోయింది. కమ్మరి హాల్వోర్‌ని పెళ్లి చేసుకోనన్నందుకు ఆ పిల్లకి ఈ శిక్ష! “సూర్యుడు తిరిగొచ్చేలోగా తనంతట తానే నా వెంట వస్తుంది” అని వాడు రేవులో అందరి ముందూ శపథం చేశాడు. సమాధిలోంచి తవ్వి తెచ్చిన కపాలంలో దీపం పెట్టి క్షుద్రపూజలు సాగిస్తున్నాడు. సూర్యుడు వచ్చేది రేపే!

“వాడి మెడ విరిచేస్తాను” అన్నాడు గున్‌హిల్డ్ భర్త ఐలెర్ట్.

“నిన్న వెళ్లావుగా నాయనా, ఏం విరిచావు?” అని దెప్పింది ఓలావా.

పడవను ఒంటరిగా ఒడ్డుకు లాగే మనిషి. నిన్నటి నుంచీ అతని కుడిచెయ్యి తడిసిన వలలా వేలాడుతోంది.

ఓలావా ఏడో కత్తి గుచ్చింది. డోర్తియా మగగొంతుతో వికటంగా నవ్వింది!

“గుచ్చు ముసలీ! ఇంకోటి గుచ్చు! నా దారికి నువ్వే రాళ్లు పరుస్తున్నావు!”

ఆ మాటకి గున్‌హిల్డ్ గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. ఒక కత్తి ఊడబెరికి దీపం దగ్గర చూసింది. పిడి దగ్గర చిన్న సుత్తి ముద్ర. గొడ్డలి మీదా అదే... తలుపు గడియ మీదా అదే!

“అత్తా, ఇవన్నీ వాడి కొలిమిలోవేగా?”

“ఈ తీరంలో ఇంకెవడికుందే కొలిమి...” అంటూనే ముసలామె గుమ్మం నుంచి దూరంగా జరిగింది.

గున్‌హిల్డ్ కత్తులూ, గొడ్డలీ చేపలబుట్టలో వేసింది. గడియ కూడా పీకింది.

“గడియ కూడానా! మతి పోయిందా నీకు?” అని అరిచాడు ఐలెర్ట్.

“పోయిందేమో. మన బలాలన్నీ వాడు చేసిచ్చినవే. ఇక దేవుడే దిక్కు.”

అంటూనే వెళ్లి, బుట్టను వాకిట్లో మంచు మీద కుమ్మరించి వచ్చింది.

గడియ లేని తలుపు గాలికి దబదబా కొట్టుకుంది. చీకట్లో పచ్చటి వెలుగు... చేతిలో కపాలం... హాల్వోర్!

“తలుపు తెరిచే ఉంచారే! మర్యాదస్తులు!” వాడు ఆ ఇనుప కుప్ప మీదికెక్కి నిలబడ్డాడు. “రావే డోర్తియా!”

పిల్ల లేచింది. ఒంటిచేత్తో పట్టుకున్న తండ్రిని విదిలించి పారేసింది. గున్‌హిల్డ్ కూతురి కాళ్లు కరుచుకుంటే, ఆ పిల్ల ఆమెను నేల మీద గుమ్మం దాకా ఈడ్చుకుపోయింది. చిన్నప్పటి నుంచీ రోజూ చెప్పుకునే ప్రార్థన గున్‌హిల్డ్ నోట రెండో మాట దగ్గరే ఆగిపోయింది. ఒక్క ముక్క గుర్తు రాలేదు!

“తండ్రీ... నా వల్ల కావడం లేదు... ఇది నీ బిడ్డ... నీదే!”

ఆకాశం చీలింది! నడిశీతాకాలంలో పిడుగు... సరిగ్గా ఆ ఇనుము మీద! కపాలం వెయ్యి ముక్కలైంది. హాల్వోర్ కేక సగంలోనే తెగిపోయింది...

డోర్తియా తల్లి ఒళ్లో కుప్పకూలింది. చాలాసేపటికి కళ్లు తెరిచి, “అమ్మా, ఆకలేస్తోందే” అంది.

వాకిట్లో శవాన్ని ముట్టుకోవడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. సముద్రంలో పారేద్దామన్నాడు ఐలెర్ట్. చేపలు కూడా తినవంది ఓలావా.

గున్‌హిల్డ్ కూతురికి గంజి తాగించి, గిన్నె కింద పెట్టింది.

“మా అమ్మ సమాధి పక్కన కాస్త చోటుంది” అంది మెల్లగా. “వాడూ ఆ తండ్రి బిడ్డే. పాస్టరు గారిని నేను అడుగుతాను. రేపు వాణ్ణి మనమే పూడుస్తున్నాం. అందరం.”