గులాబీ ఊలు, నల్ల స్పిన్నర్

“దేంతో పట్టావ్?”

లినియా సాండ్‌విచ్ కొరకబోతూ ఆగింది. మధ్యాహ్నం భోజనాల గదిలో తన ఎదుటి కుర్చీలో ఎవరో కూర్చున్నారు. నాలుగు నెలలుగా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

వచ్చింది ఇట్సెల్. స్కూల్లో కొత్తగా చేరింది. తలమీద గులాబీ రంగు ఊలు టోపీ, క్లాసులో కూడా తీయదు. వాళ్ల అమ్మానాన్నలు అడవిలో పచ్చాకు కోసి పూలషాపులకు కట్టలు కడతారు.

“దేన్ని?” అంది లినియా.

“ఆదివారం స్టీల్‌హెడ్ చేపని పట్టావుగా. బస్సులో అందరూ అదే మాట. నీ చెయ్యంత ఉందట.”

“చెయ్యి కాదు, కాలంత.”

“అబ్బో. ఎవరి కాలు? నీదా, మీ నాన్నదా?”

లినియాకు నవ్వొచ్చింది. స్కూల్లో నవ్వి చాలా రోజులైంది.

“మామయ్య పాత రాడ్ ఇచ్చాడు,” అంది ఇట్సెల్. “పది రోజులుగా గాలం వేస్తున్నా, ఒక్కటీ పడలేదు. చెప్పవా, దేంతో పట్టావో?”

నల్ల స్పిన్నర్‌తో. గోరంత రేకు ఎర, నీళ్లలో గిరగిరా తిరుగుతుంది. అది ఇప్పుడు కూడా లినియా కోటు జేబులోనే ఉంది. వానల్లేక నది అద్దంలా తేరుకుంది. తేట నీళ్లలో స్టీల్‌హెడ్‌కు బెదురెక్కువ. మెరిసేది ఏది చూసినా పారిపోతుంది. చిన్నది, నల్లది అయితేనే నోరు తెరుస్తుంది.

ఇదంతా నాన్న నేర్పాడు. ఇంకోటి కూడా నేర్పాడు. “చేపని చూపించు, ఎరని చూపించకు.” చేప ఒడ్డుకు చేరగానే ఎరను పిడికిట్లో దాచెయ్యాలి. ఆ ఊళ్లో అందరూ చేసేది అదే. అడిగితే ఏదో ఒక అబద్ధం చెబుతారు.

లినియా కళ్లు ఇట్సెల్ టోపీ మీద ఉన్నాయి. నోటికి అదే వచ్చింది.

“గులాబీ ఊలు. గాలం ముల్లుకి ముడేస్తే చాలు.”

“అంతేనా?”

“అంతే.”

ఇట్సెల్ తన టోర్టియా రొట్టెను సగానికి చించి లినియాకు ఇచ్చింది. ఆ వారమంతా అదే కుర్చీలో కూర్చుంది. టోపీని వాళ్ల మామ్మ అల్లిందని బుధవారం చెప్పింది. మామ్మ ఇప్పుడు లేదని కూడా చెప్పింది.

శుక్రవారం ఇట్సెల్ టోపీ లేకుండా వచ్చింది. ఫిబ్రవరి చలికి చెవులు ఎర్రబడ్డాయి.

“టోపీ ఏది?”

“రేపు నది దగ్గర చూస్తావుగా,” అని కన్ను గీటింది.

శనివారం పొద్దున లినియా లేచేసరికి ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న దుంగల లారీ తీసుకుని తెల్లారకముందే వెళ్లిపోయాడు. అమ్మ ఉండేది సియాటిల్‌లో. లినియా లైఫ్ జాకెట్ తొడుక్కుని, రాడ్ తీసుకుని బయల్దేరింది. అవతలి ఒడ్డున హార్లన్ తాత గాలం వేస్తూ ఉంటాడు. అందుకే ఒక్కదాన్నే పంపడానికి నాన్న ఒప్పుకుంటాడు.

నది మలుపులో ఇట్సెల్ అప్పటికే ఉంది. జుట్టు మంచుకు తడిసి ముద్దయింది. గాలం వేస్తోంది, లాగుతోంది, మళ్లీ వేస్తోంది. ముల్లు చివర గులాబీ రంగు కుచ్చు.

ఆ ఊలు ఎక్కడిదో లినియాకు తెలిసింది.

చెట్ల వెనక నిలబడిపోయింది. వెళ్లి ‘అది కాదు’ అంటే చాలు. కానీ అంటే సోమవారం ఆ కుర్చీ ఖాళీ. చివరికి చప్పుడు చెయ్యకుండా నది ఎగువకి నడిచి, ఒక్కతే గాలం వేసింది.

మూడోసారికే రీలు కీచుమంది.

చేప దిగువకి దూసుకుపోయింది, సరిగ్గా మలుపు వైపు. రాడ్ విల్లులా వంగింది. లినియా రాళ్లమీద జారుతూ వెంటపడింది. వేళ్లు కోసుకుపోతున్నాయి. దారం ఇంకెంతో లేదు.

“నేను పడతా, వదలకు!”

ఇట్సెల్ తన రాడ్ పారేసి మోకాళ్ల లోతు నీళ్లలోకి దూకింది. చేపకు అడ్డంగా నిలబడింది. చేప వెనక్కి తిరిగింది, అలిసింది, పక్కకు ఒరిగింది. ఇట్సెల్ రెండు చేతులతో తోక పట్టుకుంది.

లినియా చెయ్యి అలవాటుగా ముందుకెళ్లి చేప మూతి దగ్గర పిడికిలి బిగించింది.

ఇట్సెల్ ఆ పిడికిలినే చూస్తోంది.

“చెయ్యి తియ్యి.”

లినియా తీసింది. చేప పెదవికి నల్ల స్పిన్నర్ వేలాడుతోంది.

తోక ముందుండే చిన్న రెక్క తెగకుండా ఉంది. అంటే నదిలోనే పుట్టిన చేప. నీళ్లలోంచి ఎత్తకూడదు, వదిలెయ్యాలి. ముల్లు తీశారు. ఇట్సెల్ పట్టు వదిలింది. చేప వెళ్లిపోయింది.

“మంచి చేప,” అంది ఇట్సెల్. తన రాడ్ తీసుకుని, ముల్లుకున్న ఊలు కుచ్చును జాగ్రత్తగా విప్పి జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం కుర్చీ ఖాళీ. ఇట్సెల్ కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుంది. మంగళవారం లినియా అక్కడికెళ్లి స్పిన్నర్‌ను బల్ల మీద పెట్టింది.

“నిజంగా దీంతోనే పట్టా. నువ్వు తీసుకో.”

ఇట్సెల్ దాన్ని వేలితో వెనక్కి నెట్టింది. “మామ్మ టోపీ మళ్లీ అల్లుకోలేను కదా.”

గురువారం వాన మొదలైంది. శుక్రవారం రాత్రి భోజనం దగ్గర కూడా కురుస్తూనే ఉంది.

“నాన్నా, దేంతో పట్టావో ఎప్పుడైనా ఎవరికైనా నిజం చెప్పావా?”

“మీ అమ్మకి ఒకసారి చెప్పా.”

“అప్పుడు?”

“నమ్మలేదు.” నాన్న సూప్‌ను చెంచాతో కలిపాడు.

శనివారం నది ఉబ్బి, బురద ఆకుపచ్చగా పారుతోంది. ఇట్సెల్ మలుపులోనే ఉంది, ముల్లుకి వానపాము గుచ్చి. లినియాను చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ తిరిగి చూసింది.

“నీ రాడ్ ఏది?”

“ఇంట్లో పెట్టేశా. ఇవాళ ఊలు కట్టు. గులాబీది.”

“నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నావా?”

“నా మాట నమ్మొద్దు. చూడు.” లినియా ఒడ్డున మోకరిల్లి, నల్ల స్పిన్నర్‌ను నీళ్లలో ముంచింది. జానెడు లోతులోనే అది మాయమైంది. “పోయినసారి నీళ్లు తేటగా ఉన్నాయి, అందుకే నల్లది. నీకు అబద్ధం చెప్పా. ఇప్పుడు నీది ముంచు.”

ఇట్సెల్ జేబులోంచి కుచ్చు తీసి ముంచింది. బురదలో గులాబీ రంగు నిప్పుకణంలా కనబడుతూనే ఉంది.

వానపామును తీసేసి, దాన్నే ముల్లుకి కట్టింది.

గంట గడిచింది, ఏమీ పడలేదు. వాన మాత్రం ఆగలేదు. లినియా పాదాలు మొద్దుబారాయి. అయినా వెళ్లిపోలేదు.

దారం ఆగింది. తర్వాత గుంజింది.

పావుగంటకు చేప గులకరాళ్ల మీద పడి ఉంది. చిన్న రెక్క గుర్తుకోసం కత్తిరించి ఉంది. హేచరీలో పెంచి వదిలిన చేప, ఇంటికి తీసుకెళ్లొచ్చు.

“ఏయ్ పిల్లలూ,” అవతలి ఒడ్డు నుంచి హార్లన్ తాత కేకేశాడు. “దేంతో పట్టారే?”

ఇట్సెల్ పిడికిలి ఊలు మీద బిగిసింది. ఆమె లినియా వైపు చూసింది.

లినియా నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది. “గులాబీ ఊలు తాతా. ముల్లుకి ముడేస్తే చాలు.”

“పోండే, అబద్ధాలకోరుల్లారా,” అని నవ్వి, తాత తన నల్ల స్పిన్నర్‌నే మళ్లీ నీళ్లలోకి విసిరాడు.

ఇట్సెల్ పిడికిలి తెరిచింది. తడిసిన ఊలును పిండి, జేబులో పెట్టుకుంది.

“సోమవారం టోర్టియా తెస్తా,” అంది చేప వైపే చూస్తూ. “నీకు సగమే.”