మరపు రుసుము

"నాకెందుకో భయంగా ఉందే. మొత్తం తీసేస్తారేమో!"

జగన్నాథపురం వంతెన దగ్గర గాలిబండి ఎక్కకముందే నూకరత్నం ఈ మాట చాలాసార్లు అంది.

"మొత్తం కాదమ్మా, ఆ పుస్తకం ఒక్కటే" అంది పన్నెండేళ్ళ శర్వాణి.

"ఒక్కటే అంటావేంటే! దాంతోపాటు ఇంకేదన్నా ఊడొస్తే? నీకు మాట పడిపోతే?"

"అప్పుడు నువ్వొక్కదానివే మాట్లాడుకో. ఇప్పుడూ అంతేగా."

నూకరత్నం కూతురి నెత్తిన చిన్నగా మొట్టి, వెంటనే అక్కడే నిమిరింది. ఇవాళ ఆ తల మీద చెయ్యి వెయ్యాలన్నా ఆమెకు భయంగానే ఉంది.

ఆ రోజుల్లో గ్రంథాలయాలు కాగితం పుస్తకాలు ఇవ్వడం మానేశాయి. వాటికి బదులు తలపుబిళ్ళ ఇచ్చేవారు. దాన్ని చెవి వెనక అంటించుకుంటే, ఎదుట పలక మీద అక్షరాలు కనబడేవి. చదివినా, పక్కనున్నవాళ్ళు చదువుతుంటే విన్నా, ఆ కథ మనసులో చెరగకుండా నిలిచిపోయేది. గడువులోగా బిళ్ళ తిరిగిస్తే కథ చదివినవారిదే. గడువు దాటితే మాత్రం డబ్బు అడిగేవారు కాదు, కథనే వెనక్కి తీసుకునేవారు. దానికి మరపు రుసుము అని పేరు. పేదా గొప్పా తేడా లేని రుసుమని గోడల మీద రాసుకున్నారు కూడా.

శర్వాణి బిళ్ళలో ఉన్నది 'ఉప్పుకొండ మీద ఏనుగు' అనే పిల్లల కథ. ఆ పిల్ల వయసుకి అది ఎప్పుడో చిన్నదైపోయింది. అయినా తెచ్చుకుంటూనే ఉంది. పడవ ఇంజన్లు బాగుచేసే తండ్రి సత్తిరాజు బతికుండగా చదివిన కథ అదొక్కటే. రోజూ పని నుంచి వచ్చి, గ్రీజు వేళ్ళు లుంగీకి తుడుచుకుని, పలక ముందు కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. ఏనుగు ఘీంకరించే చోట నోరు తిరక్క తనే ఘీంకరించేవాడు. కూతురు పడీపడీ నవ్వేది. పోయిన ఏడు తుఫానులో పడవ మునిగి అతను తిరిగి రాలేదు.

దసరాల్లో మూలానక్షత్రం నాడు నూకరత్నం ఇంట్లో ఉన్న చదువు సామానంతా సరస్వతీదేవి పటం ముందు పెట్టింది. ఆ బిళ్ళ కూడా పెట్టింది. "గడువైపోతుందమ్మా, ఇచ్చేసొస్తాను" అని శర్వాణి చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "పూజలో పెట్టింది దశమి దాకా కదపకూడదు. చదువు పోతుంది!"

గ్రంథాలయంలో వారిజ అనే అధికారిణి అంతా ఓపిగ్గా వింది.

"వరదొస్తే ఒప్పుకుంటాం, ఆసుపత్రిలో ఉన్నా ఒప్పుకుంటాం. పూజ మా జాబితాలో లేదమ్మా."

"మీ ఇంట్లో పెట్టరేంటండీ పుస్తకాలు పూజలో?"

"పెడతాం. గడువున్నవి పెట్టం."

"డబ్బు కట్టించుకోండమ్మా. గాజులమ్మి కడతాను. దాని జోలికి మాత్రం పోకండి. దాంట్లో వాళ్ళ నాన్నున్నాడు."

వారిజ ముఖం కాస్త మెత్తబడింది. "మనుషుల జోలికి అది పోదు. కథలో అక్షరాలు మాత్రమే ఏరుకుంటుంది. కాదంటారా, పాప కార్డు ఆగిపోతుంది. బడి పాఠాలన్నీ ఆ కార్డు మీదే కదా."

శర్వాణి తనే వెళ్ళి వాపసు కుర్చీలో కూర్చుంది. "నేనేం చిన్నపిల్లనా? ఏనుగు కథ పోతే పోయిందిలే" అంది. కానీ తల్లి చెయ్యి వదల్లేదు. కుర్చీ పైనున్న గొడుగు కిందికి దిగి, సన్నగా ఝుమ్మని, మళ్ళీ పైకి లేచింది. తల దువ్వుకున్నంత సేపు కూడా పట్టలేదు.

"ఉప్పుకొండ ఎక్కిందెవరు పాపా?" అని అడిగింది వారిజ.

"ఏ కొండ?"

పచ్చదీపం వెలిగింది. "అంతే. చూశారా, మాట కూడా పడిపోలేదు" అని వారిజ నవ్వింది. నూకరత్నం కూడా నవ్వి, ఆమెకు దణ్ణం పెట్టింది.

బయట బండి కోసం నిలబడ్డారు. ఆమె కూతురి కళ్ళు చూసింది, నుదురు పట్టి చూసింది, బడి పేరు అడిగింది, పక్కింటివాళ్ళ కుక్క పేరు అడిగింది. అన్నిటికీ జవాబొచ్చింది. ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది. ఉండలేకపోయింది.

"నాన్న గుర్తున్నాడా?"

"అదేం ప్రశ్నమ్మా! నాన్న గుర్తుండకపోవడమేంటి? నల్లచొక్కా, మీసాలు, పడవలు..."

"అది కాదే. సాయంత్రాలు నీకు చదివి వినిపిస్తుంటే, నవ్వేదానివి చూడు. అది చెప్పు."

బండి వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కకపోయేసరికి తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల కనుబొమలు ముడిచి రోడ్డువైపే చూస్తూ ఉండిపోయింది. ఇంకో బండి కూడా వచ్చి వెళ్ళింది.

శర్వాణి తల్లివైపు తిరిగింది.

"నాన్నకి చదవడం వచ్చా, అమ్మా?"