గొడ్డుకారం రెండో ఆల్బమ్

కోటప్పకొండ మీద కాకులు వాలవంటారు. అందుకు పెద్దలు వేరే కారణం చెబుతారు గానీ, నరసరావుపేట బరంపేటలో కుసుమమ్మ ఉండే వీధివాళ్లకు అసలు సంగతి తెలుసు. కుసుమమ్మ పొద్దున ఆరింటికి వాకిట్లో నిలబడి మొదటి కేక వేస్తుంది. ఆ కేకకు లేచిన కాకులు పన్నెండు కిలోమీటర్లు ఎగిరి కొండ దాకా పోతాయి. అక్కడికి కూడా వినబడుతుందేమోనన్న భయంతో వాలకుండా గాల్లోనే తిరుగుతాయి.

ఆ గురువారం కూడా ఎప్పటిలాగే తెల్లవారింది.

"ట్యాంకు నిండిందిరో నాయనో! ఏమయ్యో, మోటారేసి మంచమెక్కిన మహారాజా! వీధిలో పడవలేసుకుని తిరగాల్నా జనం? ఏమే జ్యోతీ, దుప్పట్లోంచి బయటికొస్తావా, దుప్పటితో సహా ఉతికి ఆరెయ్యమంటావా?"

ఆ కేకతో ఎదురింటి పిల్లలు బడికి లేచారు. మూలింటి ముసలాయనకు బీపీ మాత్ర గుర్తొచ్చింది. ఆ వీధిలో గోడగడియారాలు ఆగిపోయి చాలా కాలమైంది. ఎవరూ బ్యాటరీలు వేయించుకోలేదు, అవసరం లేక.

కుసుమమ్మ భర్త వెంకటప్పయ్యకు విత్తనాల కొట్టుంది. మాట తక్కువ మనిషి. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన మాట్లాడిందంతా పోస్టుకార్డు మీద రాస్తే ఇంకా సగం కార్డు మిగులుతుంది. కూతురు జ్యోతిర్మయి కంటి ఆసుపత్రిలో పని చేస్తుంది. సాయంత్రమైతే సంగీతం క్లాసని చెప్పి మీరా సాహెబ్ ట్రాక్టర్ల షెడ్డుకు వెళ్తుంది. మీరా సాహెబ్ కొడుకు నవీద్‌కు సంగీతం తెలుసట. వీణో, వయొలినో అయి ఉంటుందని కుసుమమ్మ మురిసిపోయింది. ట్రాక్టర్ల మధ్య వీణ ఎందుకుంటుందని మాత్రం ఆలోచించలేదు.

ఇడ్లీలు దించే వేళకు నవీద్ తల్లి షకీలా పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో కొడుకు మరిచిపోయిన ఫోను.

"వదినా, నాకొక్క మాటన్నా చెప్పలేదేంది? మీ ఇంటి ఆల్బమ్ గురించి ఊరూరా మాట్లాడుకుంటన్నారంట గదా!"

"మా ఇంటి ఆల్బమా?" కుసుమమ్మ గరిటె వదిలేసి బీరువా దగ్గరికి పోయింది. పట్టుచీరల అడుగున పెళ్లి ఆల్బమ్ భద్రంగా ఉంది. "ఇదిగో, ఉండేది ఇక్కడే గదే!"

"ఒక్కటి కాదు వదినా, రెండంట! మా నవీద్ చెప్పాడు." షకీలా ఫోను దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. "ఇను. 'మొదటిది మోటుగా ఉంటది, రెండోది నున్నగా ఉంటది. నాకు రెండోదే ఇష్టం.' దాని కింద ఇంకొకాయన రాశాడు, 'మొదటిది ఎంత మోటుదైనా నిజాయితీ గలది. రెండోది వచ్చినాక మొదటిదాన్ని మర్చిపోవటం అన్యాయం' అని."

కుసుమమ్మ మొహంలో రంగులు మారాయి. ఆవిడకు జరిగింది ఒకే పెళ్లి. దానికి ఒకే ఆల్బమ్. మరి రెండో ఆల్బమ్ ఎవరిది?

"ఏమయ్యో!"

పెరట్లో పళ్లు తోముకుంటున్న వెంకటప్పయ్య బ్రష్షు నోట్లోనే ఉంచుకుని వచ్చాడు.

"ఎవత్తది?"

"ఎవరు?"

"ఆ నున్నదెవతి అంటన్నా! ముప్పై ఏళ్లు నోరు మూసుకుని ఉంటే అమాయకుడనుకున్నా. రెండో పెళ్లి చేసుకుని, ఆల్బమ్ తీయించుకుని, ఊరంతా చూపించుకుంటన్నావా? నేను మోటుదాన్నా?"

"నిజాయితీ గలదానివని కూడా రాశారు వదినా," అంది షకీలా, సర్దుబాటు చేస్తున్నట్టు.

వెంకటప్పయ్య పేస్టు మింగేశాడు. "కుసుమా, నాకు ఒక్క పెళ్లికే ఊపిరాడ్డం లేదు," అన్నాడు. ఆయన జీవితంలో అదే అతి పొడవైన వాక్యం.

అప్పుడే తల తుడుచుకుంటూ జ్యోతి వచ్చింది. ఫోను కోసం నవీద్ కూడా వచ్చాడు. ఇద్దరూ ఆ ఫోను వైపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అత్తా, అది పెళ్లి ఆల్బమ్ కాదు," అన్నాడు నవీద్. "పాటల ఆల్బమ్. మాకొక బ్యాండుంది. దాని పేరు గొడ్డుకారం. మా అమ్మ చదివింది అభిమానుల గ్రూపులోది. ఎవరికి ఏ పాట ఇష్టమో, ఏ ఆల్బమ్ ఇష్టమో రాసుకుంటా ఉంటారు."

"ఏం పాటలు? కీర్తనలా?"

"పంక్ రాక్, అత్తా."

"అంటే ఏంది?"

నవీద్ బుర్ర గోక్కున్నాడు. "మనసులో ఉంది ఆపుకోకుండా అరిచెయ్యటం. రాగం లేకపోయినా పర్లేదు. ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిది."

"దానికో పేరు కూడానా!" అంది కుసుమమ్మ. కాస్త తేలికపడింది. మొగుడి మీద అనుమానం తీరింది గదా. "ఏదీ, ఒకటి పెట్టు."

వద్దన్నట్టు జ్యోతి తలూపుతూనే ఉంది. నవీద్ పెట్టేశాడు. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు డ్రమ్ములు మోగాయి. ఆ మోతలోంచి జ్యోతి గొంతు లేచింది. అచ్చం తల్లి గొంతు, తల్లి విరుపు.

'ట్యాంకు నిండిందిరో నాయనో! మోటారేసి మంచమెక్కిన మహారాజా!'

నాలుగుసార్లు అదే మాట. పాట నిమిషన్నరలో అయిపోయింది. వెంకటప్పయ్య పాదం రెండుసార్లు ఆడి, భార్య మొహం చూసి ఆగింది.

"ఇది నా మాట గదే," అంది కుసుమమ్మ మెల్లగా.

"నీదే అమ్మా. అన్నీ నీవే."

"ఎంతమంది విన్నారు?"

"పద్నాలుగు వేలమంది!" అన్నాడు నవీద్ గర్వంగా.

కుసుమమ్మ పీట మీద కూలబడింది. అరుస్తుందని అందరూ చెవులు సిద్ధం చేసుకున్నారు. ఆవిడ అరవలేదు.

"మీ బాగు కోసమని నాలుగు గోడల మధ్య అనుకున్న మాటలు. వాటికి డప్పులు కొట్టి పద్నాలుగు వేలమంది ముందు నన్ను గయ్యాళిని చేశావు. కన్నకూతురివి." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇంక నా నోట్లోంచి నీకు ఒక్క పాట కూడా రాదు."

ఆ మాటతో నోరు మూసుకుంది.

మొదటి రోజు వీధి వీధంతా తొమ్మిదింటి దాకా నిద్రపోయింది. బడి బస్సు వచ్చి, హారన్ కొట్టి కొట్టి, ఖాళీగా వెళ్లిపోయింది. రెండో రోజు మూలింటి ముసలాయన మాత్ర రెండుసార్లు వేసుకుని రోజంతా గోడ పట్టుకుని నడిచాడు. నాలుగో రోజుకు కాకులు కొండ నుంచి తిరిగొచ్చి పిట్టగోడ మీద బారులు తీరి కూర్చున్నాయి. కొన్ని సంసారాలు కూడా పెట్టాయని అంటారు.

ఇంట్లో పనులు ఆగలేదు. అన్నం, కూర, ఉతికిన బట్టలు అన్నీ వేళకే జరిగాయి. మాట ఒక్కటే లేదు. జ్యోతి కాళ్లావేళ్లా పడింది. కుసుమమ్మ ఆమెను స్తంభంలా చూసి పక్క నుంచి వెళ్లిపోయింది.

ఆరో రోజు వెంకటప్పయ్య తెగించాడు. కావాలని మోటారు వేసి మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. ట్యాంకు నిండింది, పొర్లింది, నీళ్లు వాకిట్లోంచి వీధిలోకి పారాయి. కుసుమమ్మ వచ్చి స్విచ్చి ఆపి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లింది. అంతకంటే పెద్ద తిట్టు లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

తొమ్మిదో రోజు జ్యోతి తల్లి ముందు కూర్చుంది. "అమ్మా, పాటలన్నీ తీసేస్తా. బ్యాండు ఆపేస్తా. నువ్వు మాట్లాడకపోతే నాకు ఇల్లు ఇల్లులాగా లేదు. ఆదివారం అభిమానులు షెడ్డుకొస్తన్నారు, రెండు నెలల కిందటే పిలిచాం. వాళ్లకు మొహం మీద చెప్పి, నీ కళ్లముందే తీసేస్తా. వస్తావా?"

కుసుమమ్మ తలూపింది. కూతురి మాట మీద నమ్మకం లేక, సాక్ష్యానికి షకీలాను కూడా వెంటబెట్టుకుంది.

ఆదివారం షెడ్డులోంచి ట్రాక్టర్లను బయటికి తోలారు. మాచర్ల, గురజాల, క్రోసూరుల నుంచి ముప్పై మంది దాకా వచ్చి పాత టైర్ల మీద కూర్చున్నారు. కుసుమమ్మ వెనకాల తలుపు పక్కన స్టూలు మీద, కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. జ్యోతి లేచి గొంతు సవరించుకునేసరికి, ఎవరికి ఏ పాట ఇష్టమో చెప్పుకోవడం వాళ్లు అప్పటికే మొదలుపెట్టేశారు.

రిటైరైన తెలుగు పంతులు చెన్నకేశవరావు లేచాడు. "నా ఓటు మొదటి ఆల్బమ్‌కే. అందులో వెనకాల గరిటె చప్పుడు కూడా వినబడుద్ది. 'దుప్పటితో సహా ఆరెయ్యమంటావా' అనే పాదం ఉంది చూశారూ, ముప్పై ఐదేళ్లు పద్యాలు చెప్పా, అంత బిగువైన పాదం నేను రాయలేకపోయా."

"నాకు రెండో దాంట్లో మూడోది," అంది క్రోసూరు నుంచి వచ్చిన ధరణి. "'ఎవడి కోసం వండానురా' పాట. మా ఆయన అన్నం దగ్గర ఫోను చూస్తంటే అది పెడతా. గొంతు నొప్పి తప్పింది."

అందరూ నవ్వారు. మొదటి ఆల్బమా, రెండోదా అని వాదన ముదిరింది. ఒకాయన టైరు మీంచి లేచి ఇంకొకాయన మీదికి వేలు చూపించాడు. తన మాటల కోసం జనం కొట్లాడుకోవడం కొంగు సందులోంచి చూస్తూ, కుసుమమ్మ కొంగును కొంచెం పక్కకు జరుపుకుంది.

చివర కూర్చున్న పలుచటి అమ్మాయి చెయ్యెత్తింది. "నా పేరు నీరజ. మాది గురజాల. గుంటూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతన్నా. నాకు రెండో ఆల్బమ్‌లో ఆఖరి పాట. 'తిన్నావా లేదా చెప్పి చావు' పాట. మా అమ్మ పోయి రెండేళ్లయింది. హాస్టల్లో బెల్లు కొడతారు. అది అందరికీ కొట్టే బెల్లు. ఈ పాట పెట్టుకుంటే నన్నొక్కదాన్నే ఎవరో తిడతన్నట్టుంటది. అప్పుడు లేచి పోయి తింటా."

"ఇయ్యాల తిన్నావా?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందోనని అందరూ వెనక్కి తిరిగారు.

"లేదండీ. పొద్దున బస్సు టైముకి..."

కుసుమమ్మ స్టూలు తన్నేసి లేచింది.

"ఒసేయ్ పిచ్చిమొహమా! రెండయింది టైము! వట్టి కడుపుతో పాటలు ఇంటానికొచ్చావా? పాటలు నములుకుంటే కడుపు నిండుద్దా? ఆ చేతులేందే, జొన్నచొప్పలాగా! రేపు నువ్వు రోగిని లేపుతావా, రోగే నిన్ను లేపాల్నా? ముప్పై మంది చేరారు టైర్లెక్కి, ఒక్కళ్లకన్నా ఆ పిల్లను తిన్నావా అని అడగటానికి నోరు రాలేదా? ఏమయ్యా పంతులూ, పాదాలు తర్వాత లెక్కపెడుదువు గానీ, ఆ పిల్ల మొహం లెక్కపెట్టావా? ఒరేయ్ నవీదూ, ఆ డబ్బాలు బాదటానికి తప్ప నీకు చేతులు పనిచెయ్యవా? మంచినీళ్లు తే! ఏమే జ్యోతీ, మనుషుల్ని పిలిచి అన్నం పెట్టకుండా కూర్చోబెట్టటం ఎక్కడ నేర్చావే!"

పంతులు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. "ఒరిజినల్," అన్నారెవరో గుసగుసగా. ఒక్కొక్కరే లేచి, ముప్పై మందీ నిలబడ్డారు.

జ్యోతి అప్పటికే ఏడుస్తోంది.

"ఏడుపెందుకే ఇప్పుడు? తీసేస్తానన్నావుగా, తియ్యి. నన్ను ఎగతాళి చేసిన పాటలు."

"ఎగతాళి కాదమ్మా." జ్యోతి ముక్కు చీదుకుంది. "ఆరో తరగతిలో నన్ను విజయవాడ హాస్టల్లో వేశారు గదా. అక్కడ వార్డెను చానా మర్యాదగా లేపేది. గుడ్ మార్నింగ్ అనేది. అది ఇంటే నాకు ఏడుపొచ్చేది. అందుకని నువ్వనే మాటలన్నీ రఫ్ నోట్సు వెనకాల రాసుకున్నా. పొద్దున్నే కళ్లు మూసుకుని చదువుకుంటే మనింట్లో లేచినట్టుండేది. పాటలన్నీ ఆ నోట్సులోవే."

కుసుమమ్మ కూతురికి దగ్గరగా వచ్చింది. "ప్రతి ఆదివారం ఫోను చేశా గదే. ఒక్కసారన్నా చెప్పలేదే."

"చెబితే నువ్వు ఏడుస్తావు. ఏడిస్తే తిట్టవు. వారానికి ఒక్క ఫోనమ్మా, అందులో తిట్టు కూడా పోతే ఎట్టా?"

ఇన్నేళ్లూ తను అరిచిందంతా గోడలకు తగిలి కింద పడిపోతోందని కుసుమమ్మ అనుకుంది. ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారని రోజుకొకసారైనా అనేది. పదకొండేళ్ల పిల్ల ఆ మాటలన్నిటినీ ఏరుకుని దాచుకుందని ఆవిడకు ఇవాళ తెలిసింది. షకీలా అందించిన కొంగు తనదో ఆమెదో చూసుకోకుండా కళ్లు తుడుచుకుంది.

"ఇక నుంచి రాసుకునేటప్పుడు ముందే చెప్పు," అంది. "కాస్త చూసుకుని తిడతా."

"చూసుకుని తిడితే పాట రాదమ్మా."

"రాకపోతే మానె! నడవండి అందరూ. అన్నం వండేసరికి మూడయిద్ది. ఏమే నీరజా, నువ్వు నా ముందు నడువు, వెనక ఉంటే ఎటన్నా ఎగిరిపోతావు. పంతులూ, నీకు ఉల్లిపాయలు తరగటమన్నా వచ్చా?"

ముప్పై మంది వరుసగా వీధిలోకి వచ్చారు. ఇంటికి చేరేదాకా కుసుమమ్మ తిడుతూనే ఉంది. నవీద్ జేబులోంచి ఫోను తీసి రికార్డు చేయమన్నట్టు జ్యోతికి సైగ చేశాడు. జ్యోతి వద్దని తలూపింది. తల్లి చెయ్యి పట్టుకుని, పక్కనే నడుస్తూ, ఊరికే వింది.