బకెట్‌లో ఉన్నది జిగురు

ఆ బకెట్‌లో పెట్రోలు ఉందని చెప్పింది మీరే. కనీసం వాసన కూడా చూడకుండా చెప్పారు. మునిసిపాలిటీ కెమెరా గదిలోంచి వీడియో ముక్క కోసి ఇచ్చినవాళ్లూ, దానికి ఎర్రక్షరాలు తగిలించి ఊరంతా తిప్పిన టీవీవాళ్లూ, ఇది మీ సంగతే. ఆ ఇంట్లో ఏం జరిగిందో వినండి.

మారిత్సా నది ఒడ్డున మా బల్గేరియా ఊళ్లో అది అన్ని రోజుల్లాంటి ఉదయమే. దిలియానా గుడ్డుసొనలో ముంచిన రొట్టెముక్కల్ని పెనం మీద వేయిస్తోంది. ఆమె భర్త కమెన్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ టీవీ పెట్టాడు.

"బస్టాపు దగ్గర కుంకా బడ్డీకొట్టు తగలబడిందట. ఎవడో నిప్పు పెట్టాడంటున్నారు."

తెర మీద మసక బొమ్మ. టోపీ పెట్టుకున్న ముసలాయన తెల్ల బకెట్ పట్టుకుని కొట్టు గోడ దగ్గర వంగాడు. ఆ వెంటనే మంటలు. కింద ఎర్రక్షరాలు: "నిప్పు పెట్టింది ఇతనే. గుర్తుపడితే ఫోన్ చేయండి."

"మీ నాన్న," అన్నాడు కమెన్.

"ఇంకెవరో అయ్యుంటారు."

"ఆ వంకర టోపీ అల్లింది నువ్వేగా. డబ్బులిచ్చినా ఇంకెవడూ పెట్టుకోడు దాన్ని."

దిలియానా నవ్వలేదు. తండ్రి స్టామెన్‌కీ కుంకాకీ జరిగిన గొడవ ఆమెకు గుర్తొచ్చింది. మా ఊళ్లో మనిషి పోతే ఫొటోతో కాగితం అచ్చువేయించి గోడలకీ స్తంభాలకీ అంటిస్తాం. నలభయ్యో రోజున మళ్లీ, ఆరో నెలకి మళ్లీ. చనిపోయిన దిలియానా తల్లి దొబ్రినా నలభయ్యో రోజు కాగితాన్ని కుంకా చింపి, ఆ చోట సిగరెట్ల ప్రకటన పెట్టింది. "నీ కొట్టు తగలబడిపోను" అని స్టామెన్ బస్టాపులో అందరి ముందూ తిట్టాడు.

"మనమే చెబితే పోలీసులు మర్యాదగా తీసుకెళ్తారు," అన్నాడు కమెన్. "వేరేవాళ్లు చెబితే తలుపు పగలగొడతారు. ఆలోచించుకో."

ఆమె ఫోన్ చేసింది. తండ్రి పేరు తన నోటితో చెప్పింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

మధ్యాహ్నానికి టీవీ కుంకాని చంపేసింది కూడా. చేతులకి కట్లతో ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆవిడ తన చావు వార్త తనే చూసింది. ఈలోగా స్టామెన్ ఇంటి తలుపు మీద ఎవరో నల్లరంగుతో "హంతకుడు" అని రాసిపోయారు.

సాయంత్రం స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ రాయ్‌కొవా దిలియానాని కూర్చోబెట్టింది.

"మీ నాన్న మీద కేసేం లేదమ్మా. ఫ్రిజ్ వైరు కాలి అంటుకుందని ఫైరువాళ్లు తేల్చారు. బకెట్‌లో ఉన్నది మైదా, నీళ్లు. టీవీలో వేయని భాగం చూస్తావా?"

తెర మీద స్టామెన్ బకెట్ దించాడు. జిగురు పూశాడు. కొట్టు తలుపు తెరుచుకుని కుంకా బయటికొచ్చింది. కుంకా ఆయన చేతికి కాఫీ ఇచ్చి, సిగరెట్ల ప్రకటన తనే పీకేసి, కాగితం పైమూలలు రెండూ పట్టుకుంది. ఆయన అడుగునుంచి అంటించాడు. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. కాగితం మీద దొబ్రినా ముఖం. ఆయన కాఫీ ముగించి వెళ్లిపోయాడు. చాలాసేపటి తర్వాతే పొగ.

"అమ్మ ఫొటో ఇప్పుడెందుకు..." అంటూనే దిలియానా ఆగిపోయింది. ఆరో నెల. ఆ రోజే. ఆమె మర్చిపోయింది.

గోడల నిండా పోయినవాళ్ల ముఖాలే. చూసీ చూసీ మన కళ్లకి అవి ఆనడం మానేశాయి. మీరు కోసి పారేసింది కూడా ఆ ముఖాన్నే.

వరండాలో బెంచీ మీద స్టామెన్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నా పేరు ఎవరు చెప్పారని అడిగాను. వీళ్లు చెప్పట్లేదు," అన్నాడు.

"నేనే నాన్నా."

ఆయన టోపీ ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. "నేను అలాంటి పని చేస్తాననుకున్నావా?"

"టీవీలో చూపించారు నాన్నా. కళ్లారా చూశాననుకున్నా."

"ఇంటికొచ్చి ఒక్క మాట అడగాల్సింది. కాఫీ కూడా పెట్టేవాణ్ణి."

"అమ్మ రోజు కూడా మర్చిపోయాను," అని దిలియానా ఏడ్చింది.

"నేనూ ఫోన్ చేయలేదులే. పనిలో ఉంటావని ఊరుకున్నా." ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. "కాగితం కొట్టుతో పాటే కాలిపోయింది. ఇంకోటి అంటించాలి. మైదా ఉందా ఇంట్లో?"

మర్నాడు పొద్దున మసిబారిన గోడ పక్క స్తంభానికి దిలియానా జిగురు పూసింది. కమెన్ తల దించుకుని మూలలు పట్టుకున్నాడు. స్టామెన్ తలుపు మీద రంగు మాత్రం ఎంత గీకినా పోలేదు.

మీరేమో తెర అడుగున "పొరపాటుకు చింతిస్తున్నాం" అని ఒక్క వరస పరిగెత్తించి చేతులు దులుపుకున్నారు. చాలదు. కెమెరా గదివాళ్లు దర్యాప్తు ముగియకుండా ముక్కలు బయటికివ్వడం ఇవాళే ఆపండి. టీవీవాళ్లు ఆ వీడియో మొత్తం వేయండి. అదే వేళకి, అన్నే సార్లు, అంతే పెద్ద ఎర్రక్షరాలతో. కుంకా కాఫీ ఇవ్వడం కనబడాలి. దొబ్రినా ముఖం కనబడాలి. తర్వాత గీకుడు కత్తి పట్టుకుని వచ్చి, ఆ తలుపు మీద రాత మీ చేతుల్తో గీకండి.