తాడు లేని రెస్ట్రెయిన్

"రెస్ట్రెయిన్ చేయండి! ముందు రెస్ట్రెయిన్ చేయండి!"

సూది పైకెత్తి పట్టుకుని నీరజ అరిచేలోగానే ఆలస్యమైపోయింది. నడుమెత్తు కూడా లేని ఆ తెల్లటి పుంగనూరు ఆవు వెనక కాలితో ఒక్కటిచ్చింది. టీకాల డబ్బా పల్టీ కొట్టింది. ఐసుముక్కలు వాకిలంతా దొర్లాయి.

ఆవు యజమాని మురళీధర్ మాత్రం కొట్టం గుంజకు ఆనుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమి చెయ్యమంటాండారు మేడమ్?"

"రెస్ట్రెయిన్!"

"అది మెడికల్ షాపులో దొరుకుతాదా? మదనపల్లెకు పోయి తెస్తా. బండి ఉండాది."

నీరజకు ఒళ్లు మండింది. రామసముద్రం మండలంలోని ఆ ఊరికి పశువైద్య సహాయకురాలిగా వచ్చి నాలుగు రోజులే అయింది. మదనపల్లెలో గది తీసుకుని రోజూ బస్సులో వస్తోంది. ట్రైనింగులో మొదటి రోజు, అన్నిటికంటే ముందు నేర్పిన మాటే అది.

"రెస్ట్రెయిన్ అంటే పశువును కదలకుండా ఆపడం. తాడు వెయ్యాల, కాళ్లు కట్టాల, ముక్కు పట్టుకోవాల. పశువుల్ని పెంచుతాండారు, అది తెలీదా?"

"మా చిట్టికి పుట్టినప్పటి నుంచి తాడే వెయ్యలే మేడమ్."

"మరి ఎట్ల ఆపుతారు?"

మురళి వచ్చి వంగి, ఆవు మెడ కింద వేలాడే గంగడోలును మెల్లగా గోకసాగాడు. చిట్టి మెడ చాచింది. కళ్లు అరమోడ్చింది. నీరజ సూది గుచ్చి తీసేసింది. ఆ సంగతే ఆవుకు తెలియదు.

"ఇదేనా మేడమ్ మీ రెస్ట్రెయిన్?"

"ఇది గోకడం. రెస్ట్రెయిన్ అంటే పట్టుకోవడం."

"నేను పట్టుకోలే గదా. దానికే పోబుద్ధి కాలే."

నీరజకు నవ్వొచ్చింది. కొత్త ఉద్యోగం, ఊరంతా చూస్తోంది. అందుకని ఆపుకుంది.

వారం తిరిగేసరికి ఆ మాట ఊళ్లో అందరి నోళ్లలోనూ పడింది. నీళ్ల కుళాయి దగ్గర ఇద్దరు కలబడితే, "వాణ్ణి రెస్ట్రెయిన్ చెయ్యండ్రా!" అని ఒకడు కేకేశాడు. షుగరున్న రమణమ్మ టీ కొట్టులో మైసూరుపాకు వైపు చెయ్యి చాచితే, "రెస్ట్రెయిన్ అవ్వా, రెస్ట్రెయిన్!" అన్నారు పక్కనున్నవాళ్లు.

"ఏమి మేడమ్, ఈ మాట మనుషులకు గూడా పనికొస్తాదా?" అని మురళి అడిగాడు.

"యాల రాదు? తన్ను తాను ఆపుకోవడానికి గూడా వాడొచ్చు. కోపం వస్తే ఆపుకుంటాం. తినబుద్ధయితే ఆపుకుంటాం. మాట నోటిదాకా వచ్చినా ఆపుకుంటాం."

"మాటను గూడానా?"

"మాటను గూడా."

మురళి ఆమె వైపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు, చెప్పుల వైపు, చివరికి టీకాల డబ్బా వైపు చూశాడు. "మంచి మాటే మేడమ్" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సోమవారానికి ఒక ఆవు, గురువారానికి ఒక ఎద్దు. నీరజ పనిచేసే రైతు సేవా కేంద్రం ముందు వరుసలో చివరన మురళి ఉండి తీరాల్సిందే. జబ్బు మాత్రం ఎప్పుడూ ఒకటే.

"మేత ముట్టేది లేదు మేడమ్."

అతను ఆ మాట అంటున్నప్పుడే వెనక ఎద్దు గోడకు అంటించిన టీకాల పోస్టరును సగం నమిలేసింది.

ప్రతి పశువు చెవికీ పసుపు బిళ్ల ఉంటుందనీ, దాని మీది నంబరు ఫోన్లో కొడితే యజమాని పేరు వస్తుందనీ మురళికి తెలియదు. మూడో వారం ఒక గేదెను తోలుకొచ్చాడు. నీరజ నంబరు కొట్టి, ముఖం గంభీరంగా పెట్టుకుంది.

"ఈ ఎనుము మీదేనా?"

"మాదే మేడమ్. చిన్నప్పటి నుంచి పెంచుకున్యా."

"ఓనర్ రమణమ్మ అని వస్తాండాదే?"

మురళి చెవులు ఎర్రబడ్డాయి. అంతలో వీధి మలుపులో రమణమ్మ ఊగిపోతూ వస్తోంది. "ఒరే మురళిగా! పాలు పిండే యాళకు నా ఎనుమును యాడికి తోలకపోయినావురా? ఆయమ్మిని సూడాలంటే ఉత్త చేతులతో పోయి సూడు! ఊరి గొడ్లన్నిటికీ జబ్బులు అంటగడతావా?"

వరుసలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నీరజ రిజిస్టరులో తల దూర్చింది. ఈసారి నవ్వు ఆపుకోవడానికి కాదు. వేడెక్కిన బుగ్గలు దాచుకోవడానికి.

ఇంతలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. చిట్టి డబ్బాను తన్నడానికి ముందురోజే నీరజ పెట్టుకున్న అర్జీ అది. నాన్న పోయాక కుప్పం పక్కన గుడుపల్లెలో అమ్మ రాజేశ్వరమ్మ ఒక్కతే ఉంటోంది. సొంతూరికే వేశారు. నెల కిందటైతే ఎగిరి గంతేసి ఉండేది. ఇప్పుడు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివినా సంతోషం రాలేదు.

మురళి ఒక్క మాట అంటే చాలు. ఏం చేయాలో తర్వాత చూసుకోవచ్చు. కానీ ఆ మాట అతని నోటి నుంచి రావాలి. రమణమ్మ అరిచినంత మాత్రాన సరిపోదు.

"అమ్మ ఒక్కతే ఉండాదని అడిగింటి, మా ఊరికే వేసినారు. గురువారం పోతాండా" అంది, అతని ముఖంలోకి చూస్తూ.

మురళి గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"మంచిది మేడమ్. మీ అమ్మకు తోడుగా ఉంటారు."

అంతే! గొడ్లకు లేని జబ్బును వారానికి రెండుసార్లు చెప్పగలిగినవాడికి ఉన్న మాట ఒక్కటి చెప్పడం రాలేదు. గురువారం పుంగనూరు బస్టాండులో బస్సు మారేటప్పుడు సన్నగా చినుకులు పడుతున్నాయి. ప్రతి బండి చప్పుడుకూ నీరజ తల తిప్పి చూసింది. ఎవరూ రాలేదు.

గుడుపల్లెలో రెండు వారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం రాజేశ్వరమ్మ కూతురికి క్యారియర్ తెచ్చి అక్కడి కేంద్రం వరండాలో కూర్చుంది. వరుసలో చివరి పశువు చెవి నంబరు కొట్టిన నీరజ వేలు ఫోను మీదే నిలిచిపోయింది.

యజమాని: మురళీధర్. మండలం: రామసముద్రం.

తలెత్తింది. ఎదురుగా చిట్టి. దాని పక్కన నలిగిన చొక్కాతో, తలనిండా దుమ్ముతో మురళి.

"ఏమి జబ్బు?" అంది.

"మేత ముట్టేది లేదు మేడమ్."

"అయ్యయ్యో, నా కొత్త చీర!" రాజేశ్వరమ్మ లేచి కొంగు లాక్కుంది. "ఏమప్పా, మేత తినదంటివి, నా కొంగు నములుతాండాదే! యా ఊరప్పా మీది?"

"రామసముద్రం దగ్గర అమ్మా. పుంగనూరు, పలమనేరు మీద టెంపోలో వచ్చినాం. దోవంతా దీనికి గోకి గోకి సెయ్యి పడిపోయింది."

"ఆ పొద్దు యాల నోరు తెరవలే?" నీరజ గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గలేదు.

"మాటను గూడా రెస్ట్రెయిన్ చేసుకోవచ్చని మీరే గదా చెప్పింది." మురళి చెప్పులు చూసుకున్నాడు. "అమ్మ ఒక్కతే ఉండాదని బదిలీకి కాయితం పెట్టుకున్యారు. ఉండమంటే మీకు తాడేసినట్టయితాది అనుకుంటి. నాకు తాడెయ్యడం రాదు."

"తాడెవరు వెయ్యమన్యారు? ఒక్క మాట అడగడం తాడెయ్యడమా? అడిగింటే నాకే..." నీరజ అమ్మ వైపు చూసి మిగతాది మింగేసింది.

"ఇప్పుడు అడగొచ్చా మేడమ్?"

"మేడమ్ ఏంది? అడుగు నువ్వు!"

"నన్ను పెండ్లి చేసుకుంటావా నీరజా?"

ఇద్దరూ రాజేశ్వరమ్మ వైపు తిరిగారు. ఆమె తడిసిన కొంగును పిండుకుంటోంది.

"నన్ను సూస్తారేమి? నేనేమన్నా కాయితం పెట్టమన్యానా దీన్ని? నేనూ తాడెయ్యలే." ఆమె మురళిని కిందినుంచి పైదాకా చూసింది. "ఒక ఆవును అంత దూరం నొప్పి తెలీకుండా తెచ్చినోడు, నా బిడ్డను తీసకపోలేడా? తీసకపోతే నన్ను సూసేదానికి తోలకరాలేడా? ఇంటికి నడువప్పా, తిని మాట్లాడుదురు. ముందు ఆ రెస్ట్రెయిన్ ఏందో దీనికి చెయ్యండి. చీర పూర్తిగా తినేట్టుండాది!"

నీరజ రిజిస్టరు అందుకుని, జబ్బు అని ఉన్నచోట "ఏమీ లేదు" అని రాసింది. తర్వాత వంగి చిట్టి మెడ కింద చెయ్యి పెట్టింది. అక్కడ అప్పటికే మురళి చెయ్యి ఉంది.

చిట్టి మెడ చాచి, కళ్లు అరమోడ్చింది. తాడు లేదు, ఎవరూ ఎవరినీ పట్టుకోలేదు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ అక్కణ్ణుంచి పోబుద్ధి కాలేదు.