కొండదారి లైట్లు

మొదట్లో నా చేతిలో ఉన్నవి: బజారు మలుపులో లైట్ల షాపు, రాళ్లనైనా అమ్మగల నోరు, మొహం చూసి మనిషికేం కావాలో చెప్పేయగలనన్న పొగరు. షాపు నాన్న ఇచ్చింది. మిగతా రెండూ నా సొంత సంపాదన.

ఒక వాన సాయంత్రం, గుమ్మంలో గొడుగు దులుపుకుని ఒకమ్మాయి లోపలికి వచ్చింది.

"మీ దగ్గర అన్నిటికంటే తక్కువ వెలుగిచ్చే లైటు చూపించండి. ఎర్రదైతే మంచిది."

"తక్కువా? అందరూ ఎక్కువ అడుగుతారండీ."

"అందరూ కొండ మీద, చుక్కల్ని చూసే అబ్జర్వేటరీలో పనిచెయ్యరుగా! మాకు చీకటి పాడవకూడదు."

"పాడవడానికి అదేమన్నా పాలా?"

ఆమె నవ్వింది, నా తెలివికి. నేను మాత్రం ఆమె పాత చెప్పులూ, పుల్ల విరిగిన గొడుగూ చూసి లెక్క కట్టేశాను. మా వ్యాపారంలో తక్కువది అడిగేవాళ్లు జేబు చూసుకునే అడుగుతారు.

తర్వాత ఫ్యూజుకనీ, వైరుకనీ వస్తూనే ఉంది. బజారంతా ఆమెను చుక్కలమ్మ అనేది. ఆమె నన్ను "బల్బుల గారూ" అనేది.

"ఇంత చదివి చుక్కలు లెక్కపెడతారా?" అన్నానొకసారి.

"లెక్కపెట్టం, చావులు చూస్తాం. పెద్ద నక్షత్రం చచ్చిపోతూ పేలుతుంది. అదే సూపర్నోవా. నాకిప్పుడు ఒకటి దొరికింది. రోజురోజుకీ మసకబారుతోంది. ప్రతి రాత్రీ దాని వెలుగు కొలవాలి. పోయిన రాత్రి మళ్లీ రాదు."

"పర్మనెంటు ఉద్యోగమేనా?"

"మా అమ్మలాగే అడుగుతున్నారే! డాక్టరేటయ్యాక రెండేళ్లకో ఊరు తిరగడమే. ఇది ఉద్యోగం రాకముందు చేసే ఉద్యోగం. ఈ నక్షత్రం మీద రాస్తున్న పరిశోధన పేపరు బాగా వస్తే ఇక్కడే ఉంచుతారేమో. లేదంటే పెట్టె సర్దుకోవడమే."

ఇక్కడే ఉంచుతారన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది. కొండ మీంచి ఆ చీకటి దారిన ఆమె ఒక్కతే నడిచి వస్తుందన్న బెంగ కూడా పట్టుకుంది.

మున్సిపాలిటీ ఇంజినీరును పట్టుకుని, కొండదారి స్తంభాలన్నిటికీ మా షాపులోకెల్లా గట్టి ఫ్లడ్ లైట్లు పెట్టించాను. నా పేరు చెప్పొద్దన్నాను. ఆమే కనిపెట్టి, మురిసిపోతూ వస్తుందని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

వచ్చింది. నిద్రలేని కళ్లతో.

"బల్బుల గారూ, ఒక సాయం చెయ్యాలి. కొండదారిని ఎవడో మహాదాత పట్టపగలు చేసి పెట్టాడు. మున్సిపాలిటీకి వరస సెలవులు, ఫోనెత్తే దిక్కులేదు. ఈ సెలవుల రాత్రులన్నీ నా నక్షత్రం ఆ వెలుగులో కొట్టుకుపోయింది. ఆ లైట్లు ఏ షాపువో మీకు తెలుస్తుందిగా? వాడి మొహం ఒక్కసారి చూడాలి."

నా వెనక అరలో అవే లైట్ల ఖాళీ పెట్టెలు బారుగా ఉన్నాయి. రాళ్లనైనా అమ్మగల నోరు ఎండిపోయింది.

"చూస్తూనే ఉన్నారు," అన్నాను.

"ఎవర్ని?"

"వాణ్ణే."

ఆమె చూపు నా భుజం మీదుగా పెట్టెల మీదికి వెళ్లింది.

"మీరు చీకట్లో నడుస్తున్నారని పెట్టించాను. డబ్బుల్లేక తక్కువ వెలుగు అడిగారనుకున్నాను."

అరిచినా బావుండేది. "మొదటి రోజే చెప్పానుగా," అని మెల్లగా అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని, లైట్లు విప్పడానికి కొండదారి స్తంభాలు నేనే ఎక్కాను. పనివాళ్లను పెట్టడానికి మనసొప్పలేదు. "ఏమయ్యా, అమ్మినవి ఊడపీక్కుంటున్నావా?" అని దారిన పోయేవాళ్లు నవ్వారు. ఆ తర్వాత బజారులో దుకాణం దుకాణానికీ వెళ్లి, బోర్డు లైట్లు కిందికి వంచుకోమని, రేకు మూతలు నేనే బిగిస్తానని బతిమాలాను. మరింత వెలుగు కావాలంటూ అమ్మిన నేనే తగ్గించుకోమంటుంటే, ప్రతి నవ్వూ చెంప మీద పడినట్టుండేది.

మా బోర్డు ఆర్పేసిన సాయంత్రం అమ్మ వచ్చింది.

"ఏరా, షాపు ఎత్తేశావా?"

జరిగింది చెప్పాను.

"ఆ పిల్లకేం కావాలో ఆ పిల్లనడగకుండానే తేల్చేశావా? అచ్చం మీ నాన్నవే. నీలం నాకు పడదు మొర్రో అంటున్నా ఇల్లంతా నీలమే కొట్టించాడు. ఇంతకీ మన్నించమని అడిగావా?"

"మొహం చెల్లట్లేదమ్మా."

"చీకట్లో నీ మొహం ఎవరికి కనపడుతుంది? పో."

అబ్జర్వేటరీ మెట్ల మీద ఎర్ర లైటు పక్కన ఆమె కూర్చుని ఉంది.

"ఈసారి అడిగి తెలుసుకుందామని వచ్చాను. మీకేం కావాలి?"

"ముందా టార్చి ఆపండి."

సిగ్గుతో చచ్చిపోయి ఆపాను.

"ఆ రాత్రుల కొలతలు, వేరే ఊళ్లో ఇదే నక్షత్రాన్ని చూస్తూ నాతో పోటీపడేవాడి దగ్గరున్నాయి. అడుక్కున్నాను. పేపర్లో నా పేరు పక్కన వాడి పేరూ ఉంటుంది."

"నా వల్లే."

"మీ వల్లే." కిందికి, బజారు వైపు చూసింది. "బజారు లైట్లన్నీ తలలు వంచాయి. పైనుంచి చూస్తూనే ఉన్నాను. అదీ మీ వల్లే."

"నాకు మీరంటే..."

"ఇష్టం లేనివాడు అన్నేసి లైట్లు పెడతాడా? కానీ ఇష్టమున్నవాడు అడిగి పెడతాడు."

"అడుగుతున్నాను."

ఆమె లేచి ఎర్ర లైటు కూడా ఆర్పేసింది. "దిగేటప్పుడు మెట్లు కనపడవు. చెయ్యి పట్టుకోండి."

ఇక ఆఖరి లెక్క. ఆమె ఉద్యోగం పర్మనెంటు కాలేదు, పొడిగించారు. నా పొగరు పోయింది, మళ్లీ తెచ్చుకోలేదు. మా ఇంటి గోడకు ఆమె నక్షత్రం వెలుగు తగ్గుతూ పోయిన గ్రాఫు ఉంది. నల్ల చుక్కల వరస నడుమ కొన్ని ఎర్ర చుక్కలు, పోటీవాడివి. అవేమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ వేలు నావైపే చూపిస్తుంది. నేను తల వంచుకుంటాను.

ఆ గోడకు రంగు వేయించే ముందు మాత్రం ఆమెను అడిగాను.